యూనిట్ టెస్ట్ ఎక్సర్‌సైజ్‌లో కామెంట్లు శుభ్రం చేయడం ఎలా?

యూనిట్ టెస్టింగ్ (కోడ్ ముక్క సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే చిన్న టెస్టులు రాయడం) కొత్తగా నేర్చుకునేవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది. "టెస్టులన్నీ పాసవుతున్నాయి. కానీ ఫైలు తెరిస్తే కోడ్ కన్నా కామెంట్లే ఎక్కువ కనిపిస్తున్నాయి. అన్నీ తీసేయనా, ఉంచనా?" కామెంట్లంటే కోడ్ మధ్యలో # పెట్టి మనుషుల కోసం రాసే మాటలు, కంప్యూటర్ వాటిని నడపదు. అన్నీ తీసేస్తే నెల తర్వాత మీకే అర్థం కాదు. అన్నీ ఉంచితే, చూసేవాళ్లు అసలు టెస్టు ఎక్కడుందో వెతుక్కోవాలి. కాబట్టి ఒక్కో కామెంట్ దగ్గర ఆగి తేల్చుకోవాల్సిందే. చిన్న ఎక్సర్‌సైజ్ అయితే గంటలో అయిపోతుంది.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. టెస్టు ఫైల్లో కామెంట్ పని మామూలు కోడ్‌లో ఉండే కామెంట్ పని లాంటిది కాదు. "ఇక్కడ ఏం చేస్తున్నాం" అన్నది టెస్టు పేరే చెప్పాలి. "ఈ విలువనే ఎందుకు ఎంచుకున్నాం" అన్నది పేరులో పట్టదు, అది కామెంట్ చెప్పాలి. కింద ఉన్న పనంతా ఈ రెండింటినీ విడదీయడమే.

ఉదాహరణలు పైథాన్‌వి, దానితో పాటే వచ్చే యూనిట్‌టెస్ట్ మాడ్యూల్‌వి. కోడ్‌ని కూడా ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. మీ ఫైల్లో మాత్రం ఫంక్షన్ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంచండి. ముఖ్యంగా టెస్టు పేరు మొదట్లో వచ్చే "టెస్ట్" అనే నాలుగు చిన్నక్షరాలు మారకూడదు. అవి లేకపోతే అది టెస్టని రన్నర్‌కి, అంటే టెస్టులని నడిపే ప్రోగ్రామ్‌కి, తెలియదు, దాన్ని నడపకుండా వదిలేస్తుంది.

కావాల్సినవి

- టెస్టులన్నీ పాసవుతున్న ఎక్సర్‌సైజ్. ఫెయిలవుతున్న టెస్టుంటే ముందు దాని సంగతి చూడండి, కామెంట్లు తర్వాత.
- గిట్ (ఫైల్లో చేసిన మార్పుల చరిత్రని దాచే టూల్). అది ఇంకా రాకపోతే ఫైలుకి ఒక కాపీ తీసి, పేరు చివర "పాతది" అని పెట్టి వేరే ఫోల్డర్లో ఉంచండి. అదే ఫోల్డర్లో ఉంచితే రన్నర్ దాన్ని కూడా టెస్టు ఫైలనుకుని నడిపేయొచ్చు, అప్పుడు లెక్కలన్నీ తప్పుతాయి.
- ఒక కాగితం. నిజంగానే.

మన దగ్గరున్న ఫైలు

లీప్ సంవత్సరం ఎక్సర్‌సైజ్ తీసుకుందాం. ఈజ్_లీప్ అనే ఫంక్షన్‌కి సంవత్సరం ఇస్తే ట్రూ లేదా ఫాల్స్ చెప్పాలి. 4తో భాగించబడితే లీప్, కానీ 100తో భాగించబడితే కాదు, అయినా 400తో భాగించబడితే మళ్లీ లీప్. ఫైల్లో ఏడు టెస్టులున్నాయి: 2024, 2023, 1900, 2100, 2000, 2400, ఇంకా "2024" అనే స్ట్రింగ్ (సంఖ్య కాదు, కొటేషన్లలో రాసిన అక్షరాలు). మూడో టెస్టు ఇలా ఉంది:

డెఫ్ టెస్ట్_3(సెల్ఫ్):
  # టెస్ట్ 3
  # 1900తో టెస్ట్ చేస్తున్నాం
  # ఫంక్షన్‌ని పిలుస్తున్నాం
  రిజల్ట్ = ఈజ్_లీప్(1900)
  # రిజల్ట్ ఫాల్స్ అవ్వాలి
  సెల్ఫ్.అసర్ట్‌ఫాల్స్(రిజల్ట్)
  # సెల్ఫ్.అసర్ట్‌ఈక్వల్(రిజల్ట్, ట్రూ)  ఇది ఫెయిల్ అవుతోంది, ఎందుకో??
  # ఇంకా టెస్టులు రాయాలి

రెండు లైన్ల పనికి ఆరు కామెంట్లు. ఇందులో నవ్వుకోవాల్సిందేమీ లేదు, నేర్చుకునేటప్పుడు అందరి ఫైలూ ఇలాగే ఉంటుంది. పాఠం చెప్పినవాళ్లు "ప్రతి లైనుకీ కామెంట్ రాయండి" అని ఉంటారు, మీరు రాశారు. ఆ కామెంట్లు అప్పుడు మీకు ఊతకర్రలా పనికొచ్చాయి. ఇప్పుడు నడక వచ్చింది కాబట్టి పక్కన పెడుతున్నాం, అంతే.

పనిని రెండు విడతలుగా చేద్దాం. మొదటి విడతలో కామెంట్లు తప్ప ఇంకేదీ ముట్టుకోం. రెండో విడతలో పేర్లు, మెసేజ్‌లు మారుస్తాం. రెండూ కలిపి చేస్తే ఏదైనా చెడినప్పుడు దేనివల్ల చెడిందో పట్టుకోలేరు.

మొదటి విడత: కామెంట్లు మాత్రమే

1. టెస్టులు నడిపి లెక్క రాసుకోండి.

టెర్మినల్లో యూనిట్‌టెస్ట్‌ని మైనస్ వీ ఆప్షన్‌తో నడపండి. ఒక్కో టెస్టు పేరు ఒక్కో లైనులో వస్తుంది, చివర్లో మొత్తం ఎన్ని నడిచాయో చెబుతుంది. ఆ అంకె కాగితం మీద రాయండి. మన ఫైల్లో అది 7. ఈ పనంతటికీ ఇదే కాపలా. కింద "ఓకే" అని వస్తే చాలనుకోవద్దు. ఆరు టెస్టులు నడిచినా ఓకే అనే వస్తుంది.

ఇక్కడే తేడా కనిపిస్తే, అంటే మీరు రాసినవి ఏడు, నడిచినవి ఆరు అయితే, ఒకే క్లాసులో ఒకే పేరుతో రెండు టెస్టులున్నాయేమో చూడండి. పైథాన్ రెండోదాన్ని మొదటిదాని మీద రాసేస్తుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు.

2. ముట్టుకోకూడని కామెంట్లని ముందే గుర్తుపెట్టుకోండి.

చూడ్డానికి కామెంట్ లాగే ఉంటాయి కానీ చదివేది మనిషి కాదు, టూల్. "నోక్యూఏ" అని ఉంటే అది కోడ్ శైలిని చూసే ఫ్లేక్8కి. "టైప్: ఇగ్నోర్" అని ఉంటే మైపై లాంటి టైప్ చెకర్‌కి. "ప్రాగ్మా: నో కవర్" అన్నది టెస్టులు ఏ లైన్లని నడిపాయో లెక్కించే కవరేజ్ టూల్‌కి. "ఎఫ్ఎంటీ: ఆఫ్" అని ఉంటే బ్లాక్ ఫార్మాటర్‌కి. ఫైలు మొదటి లైనులో # పక్కన ఆశ్చర్యార్థకం ఉంటే (#!) అది ఆపరేటింగ్ సిస్టమ్ కోసం. ఎక్సర్‌సైజ్ ఇచ్చినవాళ్లు పైన లైసెన్స్ నోటు పెట్టి ఉంటే దాన్నీ కదపొద్దు.

డాక్‌స్ట్రింగ్‌లో, అంటే ఫంక్షన్ మొదట్లో మూడు కొటేషన్ల మధ్య రాసే వివరణలో, మూడు > గుర్తులతో మొదలయ్యే లైన్లుంటే అవి డాక్‌టెస్టులు కావచ్చు. అంటే అవి నిజంగా నడిచే టెస్టులు. "పాత ఉదాహరణే కదా" అని తీసేస్తే టెస్టే పోయినట్టు.

3. ఎక్సర్‌సైజ్ సూచనలు తీసేయండి.

"మీ కోడ్ ఇక్కడ రాయండి", "దశ 2: ఇప్పుడు ఫెయిలయ్యే టెస్టు రాయండి", "ఇంకా టెస్టులు రాయాలి" లాంటివి. పని అయిపోయింది కాబట్టి సూచనతో పని లేదు. నిజంగా మిగిలిన పని ఉంటే "ఇంకా రాయాలి" అని వదలకుండా ఏది రాయాలో రాయండి: "సున్నా ఇస్తే ఏం రావాలో తేల్చలేదు". ఇది ఉంచదగ్గ కామెంట్.

"టెస్ట్ 3" లాంటి నంబర్లు కూడా పోవాలి. రేపు మధ్యలో ఒక టెస్టు కలిపితే కింద నంబర్లన్నీ తప్పే.

4. కామెంట్‌గా మార్చి పడేసిన కోడ్ సంగతి తేల్చండి.

అన్నింటికన్నా ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఇక్కడ. # తర్వాత సెల్ఫ్.అసర్ట్ (వచ్చిన జవాబు సరైనదో కాదో చూసే ఫంక్షన్లు ఇలా మొదలవుతాయి) అని మొదలయ్యే లైన్లని ఎడిటర్లో వెతకండి. ప్రతి ఒక్కటీ మీరు ఒకప్పుడు ఓడిపోయి పక్కన పెట్టిన విషయం. దాన్ని తీసేసే ముందు ఎందుకు పక్కన పెట్టారో గుర్తు తెచ్చుకోండి.

మన ఫైల్లో "ఎందుకో??" అని రాసిన లైను చూడండి. రిజల్ట్ ట్రూ అవ్వాలని అడుగుతోంది. 1900 లీప్ కాదు కాబట్టి ఫెయిలవడమే సరైనది. అంటే అప్పట్లో 100 నియమం తెలియక రాసింది. సంకోచం లేకుండా తీసేయండి.

కానీ ఇలాంటిది కూడా తగలొచ్చు: ఫంక్షన్‌ని పిలిచే లైను ఉంది, అసర్ట్ లైను ఒక్కటే కామెంట్‌గా మారి ఉంది. ఆ టెస్టు ఎప్పుడూ పాసవుతుంది, ఎందుకంటే అది దేన్నీ పరీక్షించడం లేదు. ఇలాంటి చోట కామెంట్ తీసేస్తే ఫైలు అందంగా కనిపిస్తుంది, అబద్ధం మాత్రం అలాగే ఉంటుంది. కాగితం మీద ఆ టెస్టు పేరు రాసుకోండి, రెండో విడతలో ఆ అసర్ట్‌ని కామెంట్‌లోంచి బయటికి తీయండి.

మొత్తం టెస్టే కామెంట్‌లో ఉంటే? పనికిరానిదైతే తీసేయండి, గిట్‌లో పాతది ఎలాగూ ఉంటుంది. మళ్లీ కావాలనుకుంటే దాన్ని కూడా రాసిపెట్టుకోండి. రెండో విడతలో కామెంట్ తీసి, పైన స్కిప్ డెకరేటర్ (ఈ టెస్టుని నడపకుండా వదిలేయమని చెప్పే లైను) పెట్టి, బ్రాకెట్లో కారణం రాయొచ్చు. కామెంట్‌లో దాచిన టెస్టు ఎవరికీ కనిపించదు. స్కిప్ చేసినదైతే రన్ చేసిన ప్రతిసారీ "ఒకటి వదిలేశాం" అని గుర్తుచేస్తుంది.

హెచ్చరిక: వెతుకు-మార్చు వాడి # ఉన్న లైన్లన్నీ ఒక్క దెబ్బతో తీసేయాలని ప్రయత్నించొద్దు. స్ట్రింగ్ లోపల కూడా # ఉంటుంది. రంగు కోడ్‌ని పరీక్షించే టెస్టులో # నుంచి లైను చివరిదాకా తుడిచేసి, కొటేషన్ మూయలేదన్న ఎర్రర్ చూసి కాసేపు జుట్టు పీక్కున్నవాళ్లలో నేనూ ఒకణ్ని.

5. కోడ్‌నే తిరిగి చెప్పే కామెంట్లు తీసేయండి.

"ఫంక్షన్‌ని పిలుస్తున్నాం." అవును, కనిపిస్తూనే ఉంది. పరీక్ష సులువు: కామెంట్‌ని చేత్తో మూసి కింది లైను చదవండి. అదే విషయం తెలిసిపోతే కామెంట్ అక్కర్లేదు.

6. అబద్ధం చెప్పే కామెంట్లు పట్టుకోండి.

టెస్టు ఫైళ్లలో ఇవి మామూలు కోడ్‌లో కన్నా ఎక్కువ. కారణం మనందరికీ తెలిసిందే. మొదటి టెస్టు రాస్తాం, దాన్ని కాపీ చేసి అంకె మారుస్తాం, పైన ఉన్న కామెంట్ మార్చడం మర్చిపోతాం. అలా 2000 టెస్టు మీద "శతాబ్ది సంవత్సరం, లీప్ కాదు" అని ఉంటుంది, కింద అసర్ట్‌ట్రూ ఉంటుంది. పైథాన్ శైలి నియమాల పత్రం పెప్ 8 కూడా, కోడ్‌తో విభేదించే కామెంట్ ఉండటం కన్నా అసలు లేకపోవడమే నయమంటుంది.

విభేదం కనిపించినప్పుడు కామెంట్‌దే తప్పని వెంటనే అనుకోకండి, కోడ్‌దే తప్పని కూడా అనుకోకండి. మూడో సాక్షిని అడగాలి, అంటే ఎక్సర్‌సైజ్ నియమం. 2000ని 400తో భాగిస్తే శేషం సున్నా, కాబట్టి లీప్. ఇక్కడ కోడ్ సరైనది, కామెంట్ తప్పు. కామెంట్ మార్చండి. ఒకవేళ కోడే తప్పని తేలితే ఇప్పుడు దిద్దకండి. కాగితం మీద రాయండి, రెండు విడతలూ అయ్యాక మూడో పనిగా విడిగా దిద్దుదాం.

ఇంకా సన్నగా ఉండే అబద్ధం ఒకటుంది. "రిజల్ట్ ఫాల్స్ అవ్వాలి" అన్న కామెంట్ కింద అసర్ట్‌ఫాల్స్ ఉంది. సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ అసర్ట్‌ఫాల్స్‌కి సున్నా ఇచ్చినా, ఖాళీ స్ట్రింగ్ ఇచ్చినా, నన్ ఇచ్చినా పాసవుతుంది. రిటర్న్ లేని ఫంక్షన్ నుంచి వచ్చేది నన్ ("విలువ లేదు") కాబట్టి, మీ ఫంక్షన్లో రిటర్న్ రాయడం మర్చిపోయినా 1900, 2100, 2023 టెస్టులు నవ్వుతూ పాసవుతాయి. కచ్చితంగా ఫాల్సే రావాలంటే అసర్ట్‌ఈజ్ వాడి రెండో విలువగా ఫాల్స్ ఇవ్వాలి. ఇదీ కాగితం మీదకే.

7. మొదటి విడత సరిచూడండి.

టెస్టులు నడపండి. మళ్లీ 7 రావాలి.

ఇప్పుడు కామెంట్లు తప్ప ఇంకేదీ మారలేదని రుజువు చేసుకునే చిన్న కిటుకు. పైథాన్‌లో ఏఎస్‌టీ అనే మాడ్యూల్ ఉంది. కోడ్‌ని పైథాన్ ఎలా అర్థం చేసుకుంటుందో ఆ చెట్టుని చూపిస్తుంది. ఆ చెట్టులో # కామెంట్లు ఉండవు. పాత ఫైలులోని టెక్స్ట్‌ని, కొత్త ఫైలులోని టెక్స్ట్‌ని దాని పార్స్ ఫంక్షన్‌కి విడివిడిగా ఇవ్వండి. వచ్చినవాటిని డంప్ ఫంక్షన్‌కి ఇచ్చి, రెండూ సమానమా అని == పెట్టి అడగండి. ట్రూ అని వస్తే నిశ్చింత. డంప్ మామూలుగా లైను నంబర్లు చూపించదు, కాబట్టి లైన్లు తగ్గినా పర్వాలేదు.

ఫాల్స్ వస్తే ఎక్కడో కోడ్‌ని తాకారు, లేదా డాక్‌స్ట్రింగ్ మార్చారు. మూడు కొటేషన్ల మధ్య ఉన్న డాక్‌స్ట్రింగ్ కామెంట్ కాదు, అది కోడ్‌లో భాగమే.

ఇక కమిట్ చేయండి, అంటే ఈ మార్పులని గిట్‌లో భద్రపరచండి. మెసేజ్ "కామెంట్లు మాత్రమే" అని పెడితే చాలు.

రెండో విడత: కామెంట్‌లో ఉన్న మాటని సరైన చోటికి చేర్చడం

8. "ఏం చేస్తున్నాం" అన్న కామెంట్‌ని టెస్టు పేరులోకి మార్చండి.

టెస్ట్_3 ఫెయిలైతే తెరమీద "టెస్ట్_3 ఫెయిల్" అని వస్తుంది. దాన్ని చూసి ఎవరికైనా ఏం తెలుస్తుంది? ఫైలు తెరవాలి, మూడో టెస్టు వెతకాలి, కామెంట్ చదవాలి. కామెంట్‌లోని మాట పేరులో ఉంటే ఆ తిరుగుడంతా తప్పుతుంది.

పేరుకి ఒక అచ్చు: ఏ పరిస్థితి, ఏం రావాలి.

- టెస్ట్_4తో_భాగమైతే_లీప్
- టెస్ట్_4తో_భాగం_కాకపోతే_లీప్_కాదు
- టెస్ట్_100తో_భాగమై_400తో_కాకపోతే_లీప్_కాదు
- టెస్ట్_400తో_భాగమైతే_లీప్

పేరు పొడుగైందని టెన్షన్ వద్దు. టెస్టు ఫంక్షన్‌ని మనం ఎక్కడా పిలవం, రన్నరే పిలుస్తుంది. కాబట్టి మళ్లీ మళ్లీ టైపు చేయాల్సిన బాధ లేదు. అలాగని "మరియు" అనకుండా పేరు పూర్తవడం లేదంటే మాత్రం ఆగండి, ఒక టెస్టులో రెండు పరీక్షలు దూర్చారేమో. విడదీయండి.

ఇక్కడే పెద్ద గుంట ఉంది, నేను పడిన గుంట. పై జాబితాలో నాలుగే పేర్లున్నాయి చూశారా? మన దగ్గర ఏడు టెస్టులున్నాయి. 1900కీ 2100కీ కామెంట్ ఒకటే, కాబట్టి పేరూ ఒకటే పెట్టాలనిపిస్తుంది. నా పాత ఎక్సర్‌సైజ్‌లో సరిగ్గా ఇదే చేశాను. కామెంట్‌ని కాపీ చేసి పేరుగా అతికించాను, పక్క టెస్టుకీ అదే. తొమ్మిది టెస్టులు ఎనిమిదయ్యాయి. పైథాన్ కిక్కురుమనలేదు, కింద ఓకే అని వచ్చింది, నేను సంతోషంగా ఫైలు మూసేశాను. పోయిన టెస్టు పట్టుకోవాల్సిన తప్పు తర్వాత నిజంగానే వచ్చింది. అందుకే కాగితం మీద అంకె రాయమన్నాను.

పేర్లు కలిసినప్పుడు రెండు దారులు. ఒకటి, విలువని పేరుకి చేర్చండి: చివర _1900, _2100 అని. రెండోది, ఒకే నియమాన్ని పరీక్షించే విలువలని ఒకే టెస్టులో పెట్టి, ఫర్ లూప్‌లో సబ్‌టెస్ట్ వాడండి. ఏ విలువ దగ్గర ఫెయిలైందో అది విడిగా చెబుతుంది. రెండో దారి పడితే మొత్తం లెక్క తగ్గుతుంది, ఎందుకంటే రన్నర్ సబ్‌టెస్టులని విడి టెస్టులుగా లెక్కపెట్టదు. తగ్గాల్సినంతే తగ్గిందా అని చూసి కొత్త అంకె రాసుకోండి. కొత్తవాళ్లకి నా ఓటు మొదటి దారికే.

9. డాక్‌స్ట్రింగ్ పెట్టేముందు దాని గుణం తెలుసుకోండి.

కొందరు # కామెంట్లన్నీ తీసి డాక్‌స్ట్రింగులుగా మారుస్తారు. తప్పేం లేదు. అయితే యూనిట్‌టెస్ట్‌లో మైనస్ వీతో నడిపినప్పుడు డాక్‌స్ట్రింగ్ మొదటి లైను కూడా టెస్టు పేరుతో పాటు తెరమీద కనిపిస్తుంది. కాబట్టి ఆ మొదటి లైను రిపోర్టులో చదవడానికి పనికొచ్చేలా ఉండాలి. "ఈ టెస్టు టెస్ట్ చేస్తుంది" లాంటిది అక్కడ కనిపిస్తే సిగ్గుగా ఉంటుంది. పైటెస్ట్ (ఇంకో టెస్ట్ రన్నర్) వాడేవాళ్లకి ఇది మామూలుగా కనిపించదు, పేరే దిక్కు.

పేరు బాగా కుదిరితే డాక్‌స్ట్రింగ్ అవసరం లేదు. తీసేటప్పుడు మాత్రం చూసుకోండి: టెస్టులో డాక్‌స్ట్రింగ్ తప్ప ఇంకేమీ లేకపోతే, అది తీయగానే పైథాన్ ఇండెంటేషన్ ఎర్రర్ ఇస్తుంది. అప్పుడు చాలామంది "పాస్" అని రాసి ఎర్రర్ పోగొడతారు. వద్దు. అది ఖాళీ టెస్టు. దాన్ని నిజంగా రాయండి, లేదా తీసేయండి.

10. "ఇక్కడ ఇది రావాలి" అన్న కామెంట్‌ని అసర్ట్ మెసేజ్‌గా మార్చొచ్చు.

అసర్ట్ ఫంక్షన్లకి చివర్లో ఒక మెసేజ్ ఇవ్వొచ్చు. ఫెయిలైనప్పుడు మాత్రమే కనిపిస్తుంది. అన్ని చోట్లా పెట్టకండి, పేరు చెప్పలేనిది ఏదైనా ఉంటేనే.

11. మిగిలిన చోట "ఎందుకు" రాయండి.

ఇప్పటిదాకా తీసేయడమే. ఇప్పుడు కొన్ని చోట్ల కొత్తగా రాయాలి, దీని మీద సమయం పెట్టండి. మూడో టెస్టు చివరికి ఇలా తేలింది:

డెఫ్ టెస్ట్_100తో_భాగమై_400తో_కాకపోతే_లీప్_కాదు_1900(సెల్ఫ్):
  # 4తో భాగించి చూసి వదిలేసే ఫంక్షన్ ఇక్కడ దొరికిపోతుంది.
  సెల్ఫ్.అసర్ట్‌ఈజ్(ఈజ్_లీప్(1900), ఫాల్స్)

ఒక్క లైను కామెంట్. 1900ని ఎందుకు ఎంచుకున్నామో, ఈ టెస్టు లేకపోతే ఏ తప్పు జారిపోతుందో చెబుతుంది. (అసర్ట్‌ఫాల్స్ బదులు అసర్ట్‌ఈజ్ పెట్టింది కాగితం మీద రాసుకున్నందుకు. అది మూడో పనిగా విడి కమిట్‌లో చేసింది.)

స్ట్రింగ్ టెస్టు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. "2024" అని స్ట్రింగ్ ఇస్తే టైప్‌ఎర్రర్ (విలువ రకం తప్పన్న ఎర్రర్) రావాలని రాశాం, వస్తోంది. కానీ మన ఫంక్షన్లో టైప్ చూసే లైనే లేదు! మరి ఎర్రర్ ఎలా వస్తోంది? సంఖ్యల మధ్య % అంటే శేషం, స్ట్రింగ్ పక్కన % అంటే ఫార్మాటింగ్. "2024"లో విలువ పెట్టే ఖాళీ లేదు కాబట్టి పైథాన్ టైప్‌ఎర్రర్ ఇస్తోంది. అంటే టెస్టు అదృష్టవశాత్తూ పాసవుతోంది. ఖాళీ ఉన్న స్ట్రింగ్, అంటే % పక్కన డి అక్షరం ఉన్నది ఇస్తే ఎర్రర్ రాదు, "లీప్ కాదు" అని తీరిగ్గా జవాబొస్తుంది. ఇలాంటి చోట కామెంట్ రాయకపోవడం నేరం:

  # ఫంక్షన్ టైప్ చూడదు. స్ట్రింగ్‌కి % వేరే పని చేయడం వల్లే ఈ ఎర్రర్ వస్తోంది.

లీప్ కాకుండా వేరే ఎక్సర్‌సైజ్ చేస్తుంటే "ఎందుకు" కామెంట్ కోరే చోట్లు ఇంకొన్ని. దశాంశాలు కూడే టెస్టులో అసర్ట్‌ఆల్మోస్ట్‌ఈక్వల్ ఉంటే, "0.1 + 0.2 కంప్యూటర్లో సరిగ్గా 0.3 కాదు" అని రాయండి. అది లేకపోతే ఎవరో ఒకరు దాన్ని "సరిదిద్ది" అసర్ట్‌ఈక్వల్ పెడతారు. అలాగే పైథాన్ 3లో 2.5ని రౌండ్ చేస్తే 2 వస్తుంది, 3.5ని చేస్తే 4 వస్తుంది, ఎందుకంటే సరిగ్గా సగం దగ్గర అది సరిసంఖ్య వైపు వెళ్తుంది. టెస్టులో రౌండ్(2.5)కి 2 అని రాసి పక్కన కామెంట్ లేకపోతే చదివేవాళ్లు టెస్టే తప్పనుకుంటారు.

12. అరేంజ్, యాక్ట్, అసర్ట్ లేబుళ్లు.

ప్రతి టెస్టులోనూ ఈ మూడు కామెంట్లు (కావాల్సినవి సిద్ధం చేయడం, ఫంక్షన్‌ని పిలవడం, జవాబు సరిచూడటం) పెట్టడం చాలా పాఠాల్లో నేర్పుతారు. రెండు మూడు లైన్ల టెస్టులో అవి అనవసరం. మూడు భాగాల మధ్య ఖాళీ లైను వదిలితే చాలు. సిద్ధం చేసే పనే పది లైన్లుంటే లేబుళ్లు ఉంచండి. ఎక్సర్‌సైజ్ దిద్దేవాళ్లు కావాలని అడిగితే మారుమాట లేకుండా ఉంచండి, మార్కులు వాళ్ల చేతిలో ఉన్నాయి.

13. రూపం.

# తర్వాత ఒక ఖాళీ. కామెంట్ ఏ లైను గురించో ఆ లైనుకి పైన, అంతే ఇండెంట్‌తో. లైను పక్కనే రాస్తే కోడ్‌కీ #కీ మధ్య కనీసం రెండు ఖాళీలు. కామెంట్లు తెలుగులో రాసినా పైథాన్ 3 ఏమీ అనదు, ఫైలుని యూటీఎఫ్-8లో సేవ్ చేస్తే చాలు. తెలుగు చదవలేనివాళ్లతో పంచుకునే కోడైతే ఇంగ్లిష్‌లో రాయండి. ఒకే ఫైల్లో మూడు రకాలుగా, అంటే తెలుగు లిపిలో ఒకటి, ఇంగ్లిష్ అక్షరాల తెలుగులో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి మాత్రం వద్దు.

ఫలితం సరిచూడటం

టెస్టులు నడపండి, అంకె సరిపోవాలి. రెండో విడతలో పేర్లు మారాయి కాబట్టి ఏఎస్‌టీ పోలిక ఇక సమానమని చెప్పదు, అది సహజమే. ఈసారి పాతదానికీ కొత్తదానికీ తేడా చూపే గిట్ డిఫ్ తెరిచి లైను లైను చదవండి. అసర్ట్ లోపల అంకెలు మారిన లైను ఒక్కటి కూడా కనిపించకూడదు.

"సున్నా టెస్టులు నడిచాయి" అని వస్తే పేరు మార్చేటప్పుడు మొదటి నాలుగు అక్షరాలు పోయి ఉంటాయి, లేదా పెద్దక్షరంతో మొదలై ఉంటాయి.

తర్వాత ఫంక్షన్‌ని కావాలని పాడుచేయండి. 100 నియమం తీసేసి నడపండి: 1900, 2100 రెండే ఫెయిలవ్వాలి. వెనక్కి పెట్టి, 400 నియమం తీసేయండి: ఇప్పుడు 2000, 2400 ఫెయిలవ్వాలి. వెనక్కి పెట్టి, రిటర్న్ లైను తీసేసి నడపండి. అసర్ట్‌ఫాల్స్‌ని అసర్ట్‌ఈజ్‌గా మార్చి ఉంటే, అసర్ట్‌ట్రూ ఉన్న టెస్టులతో పాటు లీప్ కానివి కూడా ఫెయిలవుతాయి. ఫెయిలవకుండా ఏదైనా మిగిలితే, స్ట్రింగ్ టెస్టు కాకపోతే, దాని అసర్ట్ ఇంకా కామెంట్‌లోనే పడి ఉందేమో చూడండి. స్ట్రింగ్ టెస్టు పరిస్థితి మీరు % లైనుని కూడా తీసేశారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. అది ఎందుకో మీరు రాసిన కామెంటే చెబుతుంది.

ఫెయిలైన ప్రతిసారీ ఫైలు తెరవకుండా తెరమీద వచ్చిన పేర్లు మాత్రమే చదవండి. ఏ నియమం విరిగిందో వాటినిబట్టి చెప్పగలిగితే సరే. చెప్పలేకపోతే ఆ టెస్టు ఒక్కదానికి ఎనిమిదో మెట్టు మళ్లీ చేయండి. చివర్లో ఫంక్షన్‌ని యథాస్థితికి తెచ్చి, ఇంకోసారి నడిపి, ఆ తర్వాతే కమిట్ చేయండి. పాడుచేసిన ఫంక్షన్‌నే కమిట్ చేసి ఎక్సర్‌సైజ్ అప్పగించినవాళ్లున్నారు.